మూడో వరుసలోంచి ఒక పేరు

గోడ అవతల తన పేరు. మె-లి-తోన్, మె-లి-తోన్ అంటూ మూడు ముక్కలుగా విరిచి, ముక్కకొక కాలు చొప్పున చెక్కమెట్లను తన్నుతూ అరుస్తున్నారు. రెండో కుస్తీ ఇంకా నడుస్తూనే ఉంది, బరిలో ఎవరో ఇద్దరు ఒళ్ళు హూనం చేసుకుంటున్నారు, వాళ్ళని చూసే దిక్కు లేదు. తన వంతు రావడానికి గంట పైనే ఉంది, అయినా జనం అప్పుడే తన కోసం అరుస్తున్నారు. తన కోసమా? ఇరవై ఏడేళ్ళుగా అరుస్తూనే ఉన్నారు, టిస్నాదో అని, మసిమొహంగాడా అని, చావరా అని, ఆ అరుపులన్నీ ఒంటికి పట్టించిన నూనెలా ఉండేవి, వాటిలో జారిపోతూ, మెరుస్తూ బతికాడు. ఇది అలా లేదు. ఇది ఎవరో అడగకుండా పడకగదిలోకి నడిచొచ్చి మంచం అంచున కూర్చున్నట్టుంది.

మెలితోన్ ఒల్గీన్ బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు సగం బిగించి వదిలేశాడు. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. వారంలో ఆరు రోజులు బజారు వెనక సందులో తాళాలు బాగుచేస్తాడు, మారుతాళంచెవులు కోస్తాడు, ఏడో రోజు నల్ల ముసుగు తొడుక్కుని టిస్నాదో అవుతాడు, మసిబారినవాడు, పచూకా ఊరంతా ద్వేషించాల్సిన దుష్టుడు. ముసుగు తొడిగేది ఇక్కడ కాదు, రెండు వీధుల అవతల మందుల షాపు మూల మీద, కారులోనే, తల వంచుకుని, మళ్ళీ ఇంటికెళ్ళేటప్పుడు అక్కడే తియ్యడం, ఇరవై ఏడేళ్ళలో ఆ రెండు వీధులూ టిస్నాదోగా తప్ప మెలితోన్‌గా నడవలేదు. ఇవాళ కూడా అలవాటు కొద్దీ ఆ మూలకే వచ్చాడు, కారు ఆపాడు, తల వంచి ముసుగు లాక్కుని వెనక ముడి బిగించి తలెత్తితే, కమలాపళ్ళు అమ్మే ఆవిడ బండి పక్కనుంచి చెయ్యి ఊపింది. "బాగున్నావా మెలితోన్, ఇవాళ గెలవాలి మరి!" అంది, ఎంత ప్రేమగా అందో, ఆ ప్రేమకి అతను కారు అద్దం పైకెత్తేసుకున్నాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ఎగతాళి చెయ్యలేదు, వారం మొత్తంలో ఒక్కరు కూడా చెడ్డగా మాట్లాడలేదు, అదే భరించలేకుండా ఉంది. మంగళవారం ఒకావిడ తుప్పుపట్టిన తాళం తెచ్చి, దాన్ని బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని, "అదీ... మీరేనటగా?" అంది, ఆ తర్వాత తాళం సంగతే మరిచిపోయి ఫోను తీసి ఫోటో అడిగింది. పక్కన చెప్పులు కుట్టే మనిషి పద్నాలుగేళ్ళుగా రోజూ తనతో కాఫీ తాగినవాడు, "నాకు కూడా చెప్పలేదేంటి?" అన్నాడు, అని ఆ రోజు కాఫీకి పిలవలేదు. ఇంతకాలం తాను దాచింది ఒక రహస్యం అనుకున్నాడు, వాళ్ళకది అబద్ధంలా కనిపిస్తోంది, పేరు ఒక్కటే, మొహం ఒక్కటే, గోడ ఇవతలినుంచి చూస్తే ఒకటి, అవతలినుంచి చూస్తే మరొకటి.

కూతురు ఫోను చేసింది గురువారం. యాదిరాకి పంతొమ్మిదేళ్ళు, నర్సు చదువు చదువుతోంది తులన్సింగోలో. ఆరేళ్ళప్పుడు దాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టుకుని చెప్పాడు, ఆదివారాలు నాన్న ఎక్కడికెళ్తాడంటే దూరపు ఊళ్ళలో తాళాలు బాగుచెయ్యడానికి అని చెప్పాలమ్మా, ఎవరడిగినా అంతే అని. ఆ పిల్ల బళ్ళో, ప్రార్థనల్లో, పెద్దయ్యాక ప్రేమించినవాడి దగ్గర కూడా అదే చెప్పింది. "నాన్నా, మా తరగతి అందరి ఫోన్లలోనూ ఉంది ఆ వీడియో. ఆవిడెవరో లేచి నిలబడి నీ పేరు అరుస్తోంది. మూడుసార్లు. నేను పదమూడేళ్ళు నోరు కుట్టుకున్నాను కదా, ఆవిడకెవరు చెప్పారు?" అంది. పరీక్షలెప్పుడని అడిగి ఫోను పెట్టేశాడు. ఎందుకంటే చెప్పింది తానే.

మె-లి-తోన్. ఎవరో డప్పు కూడా తెచ్చినట్టున్నారు.

పోయిన ఆదివారం. ఎన్నిసార్లు తలుచుకున్నా అది ముక్కలుగానే వస్తోంది, వరుసలో రాదు. బరి అంచున, తాళ్ళకి బయట నిలబడి రెండు చేతులూ పైకెత్తి జనాన్ని రెచ్చగొడుతున్నాడు, రండి, ఇంకా తిట్టండి, అంతేనా మీ దమ్ము అని. మూడో వరుసలో దోన్యా హసింతా, ఊరంతా దోన్యా అని గౌరవంగా పిలిచే ముసలావిడ, లేచింది. అది మామూలే, ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఆ వేళకి ఆవిడ లేస్తుంది, కర్ర ఎత్తి చూపిస్తుంది, చుట్టుపక్కలవాళ్ళు ముందే నవ్వడం మొదలుపెడతారు, ఇవాళ ఏం తిడుతుందా అని చెవులు రిక్కిస్తారు. ఆ రోజు పండక్కి కప్పుకునే కుచ్చుల శాలువా కప్పుకుని వచ్చిందావిడ, అది చూసి ఏదో విశేషం అనుకున్నాడు కూడా. నోరు తెరిచింది. "మెలితోన్!" అంది. మొదటిసారి అది ఎవరి పేరో అతనికే తెలియలేదు. రెండోసారి, నిజం ఒప్పుకోవాలి, రెండోసారి ఒక్క రెప్పపాటు అది తియ్యగా తగిలింది, చిన్నప్పుడు సాయంత్రం గుమ్మంలో నిలబడి అమ్మ పిలిచినట్టు, చాలాసేపటినుంచి పిలుస్తున్నట్టు. మూడోసారి ఇంటిపేరుతో సహా అరిచింది, మెలితోన్ ఒల్గీన్ అని, అప్పుడు కాళ్ళకింద చెక్క చల్లబడింది. జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఆ తర్వాత అరుపులు పేలాయి.

అడిగేవాడు లేక ఆ రాత్రినుంచి తనని తానే అడుగుతున్నాడు, ఎందుకు, ఎందుకు చేసిందావిడ. ముసలితనమా? మతిమరుపా? పగా? పగకి కారణం వెతికాడు, ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళి వెతికాడు. తాను బరిలోకి వచ్చిన కొత్తలో ఒకడు మొహాన ఉమ్మేస్తే వాణ్ణి చెంపదెబ్బ కొట్టాడు, అప్పుడు కుస్తీ నేర్పిన గురువు గదిలోకి లాక్కొచ్చి తలుపేసి మరీ చెప్పాడు, "తాళ్ళకి ఇవతల నువ్వు ఎవరైనా కావచ్చురా. అవతల వాళ్ళు ఏమైనా అనొచ్చు. మధ్యనున్నవి తాళ్ళనుకుంటున్నావు, కాదు, మర్యాద. అది తెగితే రెండు పక్కలా మిగిలేది గొడ్లే." ఆ మాట అర్థమవడానికి ఏళ్ళు పట్టింది, అర్థమయ్యేలా చేసింది గురువు కాదు, దోన్యా హసింతాయే. ఆవిడ మొగుడు గనిలో పోయాడు, పైకి తెచ్చేందుకు ఏమీ మిగల్లేదు, మిగిలిన బతుకంతా ఇతరుల చొక్కాలు ఇస్త్రీ చేస్తూ గడిపింది, "వారమంతా మింగిందంతా ఆదివారం ఉమ్మేస్తాను, లేకపోతే విషం ఎక్కుతుంది" అని పక్కవాళ్ళతో అనేది. నీ అమ్మ నిన్ను కన్నదా, పొగగొట్టంలోంచి ఊడిపడ్డావా? అని అరిచేది. ఒరేయ్ మసిగుడ్డా, నిన్ను ఉతికితే పచూకా గాలి మొత్తం నల్లబడుతుందిరా! అనేది. ఎవరూ కూర్చుని రాసుకోలేదు గాని వాళ్ళిద్దరి మధ్యా ఒప్పందాలున్నాయి. ఆవిడ కర్రతో వీపు మీద రెండు దెబ్బలు వెయ్యొచ్చు, మూడో దెబ్బకి తాను తిరిగి గర్జించాలి, ఆవిడ భయపడ్డట్టు వెనక్కి వాలాలి. మెడకి పైన ఆవిడ కర్ర ఎప్పుడూ లేవలేదు. తాను ఆవిడ గ్లాసు లాక్కుని తలమీద గుమ్మరించుకోవచ్చు, ఆవిడ మీద చుక్క పడకూడదు. ఒకసారి ఎవడో తప్పతాగి వెనకనుంచి ముసుగు ముడి పట్టుకుని లాగబోతే, కాపలావాళ్ళకంటే ముందు ఆవిడే చెప్పు తీసి వాడి చెవి మీద కొట్టింది, "తిట్టరా, చచ్చేలా తిట్టు, గుడ్డమీద చెయ్యి వేశావంటే వేళ్ళు విరుస్తా" అంది. అప్పుడు కూడా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వెంటనే తననే తిట్టింది, ముసలిదాన్ని అడ్డం పెట్టుకుని బతుకుతున్నావా సిగ్గులేనోడా అని. కట్టుకున్నదానితో కూడా అంత చక్కగా కుదరలేదు తనకి. ఒలీవియా ఎనిమిదేళ్ళకే వెళ్ళిపోయింది, మంచీచెడూ ఒక్కమాట అనకుండా.

మరి గీత దాటింది ఎవరు, ఆవిడా, తానా? నాలుగేళ్ళ కిందట మూడు ఆదివారాలు వరసగా ఆ కుర్చీ ఖాళీగా ఉంది. అలవాటుగా ఆ పక్కకి తిరిగి చెయ్యి చాచేవాడు, గ్లాసు ఉండేది కాదు. నాలుగో వారం పల్లీలమ్మే మనిషి చెప్పాడు, ముసలమ్మ ఇస్త్రీబల్ల దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, పెద్దాసుపత్రిలో ఉంది అని. ముసుగు లేకుండా, జామపళ్ళ సంచీతో వెళ్ళాడు. రోగుల్ని చూసే వేళ, ఇరవై మంచాల గది. ఆవిడ కళ్ళు తెరిచి ఈ బట్టతల మనిషెవడా అని చూసింది. తాను ఏమనాలో తెలియక తెలిసిన మాటే అన్నాడు, "ఏమే ముసలిదానా, చచ్చావనుకుని పండగ చేసుకుందామనుకుంటే ఇంకా ఉన్నావా." ఆవిడ చాలాసేపు చూసింది. గొంతు గుర్తుపట్టింది. "ఒరేయ్ మసిమొహంగాడా," అంది నెమ్మదిగా, "ఇదా నీ మొహం? దాచుకోవడంలో తప్పులేదురా." నవ్వితే కుట్లు లాగి కన్నీళ్ళు వచ్చాయావిడకి, ఆవిడ చెయ్యి పట్టుకుంటే తనకీ వచ్చాయి. పేరేంట్రా అనడిగింది. టిస్నాదోదని ఒలీవియాకి, కూతురికి, నబోర్‌కి, కుస్తీలు నడిపే దోన్ హెనారోకి తప్ప ఎవరికీ తెలియని పేరు. చెప్పాడు. ఆవిడ ఒకసారి పెదాల మధ్యనే అనుకుని, గుటక వేసింది. "మింగేశాను. ఇక బయటికి రాదు" అంది.

నాలుగేళ్ళు రాలేదు కూడా. ఆవిడ ఇంటి తలుపుకి కొత్త తాళం తానే బిగించాడు, ఏడాదికోసారో రెండుసార్లో మెట్లదారి ఎక్కి వెళ్ళేవాడు, ఆవిడ బంగాళాదుంపా మాంసమూ కూరి పాస్తేలు కాల్చి పెట్టేది, ఆదివారం మళ్ళీ మూడో వరుసలోంచి అమ్మనాబూతులూ తిట్టేది, ఒక్క అక్షరం తడబడకుండా. ఈ బుధవారం కూడా వెళ్ళాడు. మలుపు దాకా ఎక్కాడు. గాలి చొక్కాని వెనక్కి లాగుతోంది, ఆవిడ ఇంటి పొగగొట్టంలోంచి కాలుతున్న పిండి వాసన వస్తోంది, ఎవరికోసమో కాలుస్తోంది, నా పేరు ఊరందరికీ పంచిపెట్టి తీరిగ్గా పాస్తేలు కాల్చుకుంటోంది అనుకున్నాడు. వెనక్కి తిరిగి దిగిపోయాడు.

తలుపు తోసుకుని నబోర్ వచ్చాడు, నడుముకి తోలు పట్టీ బిగించుకుంటూ, నూనె రాసుకున్న జుట్టు భుజాల మీద పడేలా వదిలి. ఇరవై ఏళ్ళుగా బరిలో తన జంట. కలిసి గెలిచారు, కలిసి ఓడారు, ఒకే మంచం మీద తలాకాళ్ళగా పడుకుని ఊళ్ళు తిరిగారు. యాదిరాకి జ్ఞానస్నానమప్పుడు కొవ్వొత్తి పట్టుకున్న జ్ఞానతండ్రి వీడే, అప్పటినుంచి ఒకరినొకరు కొంపాద్రే అనే పిలుచుకుంటారు, అన్నదమ్ముల కంటే ఒక మెట్టు ఎక్కువ ఆ పిలుపు.

"వింటున్నావా కొంపాద్రే? కప్పు ఎగిరిపోయేలా ఉంది! దోన్ హెనారో అక్కడ సంబరంతో చేతులు రుద్దుకుంటూ తిరుగుతున్నాడు. మనం ముసలాళ్ళమైపోయాం అన్నారుగా, చూడమను ఇప్పుడు."

"నా పేరది."

"పేరేగా. చెడ్డపేరు కాదుగా." నవ్వాడు, ఆ నవ్వు సగంలో ఆగింది. "ఆ ముసలిదేమైనా వచ్చిందా నీ దగ్గరికి?"

"లేదు."

"వచ్చినా మాట్లాడకు. వయసైపోయింది, ఏం వాగుతుందో దానికే తెలీదు. ఇవాళ తలుపు తియ్యకసలు. నేను చెప్తున్నాగా." భుజం మీద చెయ్యి వేసి నొక్కి, బయటికి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి తడిగా ఉంది. బరిలోకి వెళ్ళేముందు నబోర్ చేతులు ఎప్పుడూ పొడిగా ఉంటాయి, సుద్దపొడి రాసుకుంటాడు వాడు. మెలితోన్ ఆ తడి భుజం మీద ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు, ఏదో తగిలింది బుర్రకి, తాళంలో తాళంచెవి సగం తిరిగి ఆగినట్టు, కాని దాన్ని ఇంకా తిప్పడానికి చెయ్యి రాలేదు. ఆస్పత్రినుంచి తిరిగొచ్చిన సాయంత్రం కారులో ఎంత సంతోషంగా చెప్పాడో వీడికి, ఆవిడకి నా పేరు చెప్పానురా, ఏమందో తెలుసా, మింగేశానంది. వీడు అప్పుడేమన్నాడు? రోడ్డు చూస్తూ నడిపాడు. దోన్ హెనారో మూడుసార్లు అడిగాడు ముసుగు పందెం కడతావా అని, ఓడితే నలుగురిలో ముసుగు తీసి పేరు చెప్పాలి, మూడుసార్లూ తాను కాదన్నాడు, మూడుసార్లూ నబోర్ పక్కనే ఉన్నాడు, పోనీలెండి వాడికిష్టం లేదు అన్నాడు. అన్నాడా? లేక ఊరుకున్నాడా?

తలుపు మీద కర్రతో కొట్టిన చప్పుడు. కాపలావాడు ఆవిణ్ణి ఆపడు, ఆ భవనంలో ఆవిణ్ణి ఆపేవాడు లేడు. దోన్యా హసింతా లోపలికొచ్చింది, అదే కుచ్చుల శాలువా, చంకలో గుడ్డమూట, వేడి మూట, గది నిండా మిరియాల వాసన. ఇరవై ఏళ్ళలో ఆవిడ ఈ గదిలోకి రావడం ఇదే మొదలు. బల్ల మీద తన పక్కనే కూర్చుని, ఆయాసం తీర్చుకుని, పిల్లలా మొహం పెట్టి అడిగింది.

"ఎలా అరిచానురా?"

అతను బూటు తాడు వేలికి చుట్టుకున్నాడు.

"శనివారమంతా తేనె తాగాను గొంతు పోకుండా. ఇంటిపేరు దగ్గర కాస్త జీర వచ్చింది, నేను గమనించా. వారమైంది, బాగుందనలేదు, బాగాలేదనలేదు. బుధవారం వస్తావని పిండి కూడా కలిపాను."

బుధవారం. ఆ పొగ. ఆ వాసన. "ఎవరు చెప్పారు దోన్యా?" అన్నాడు, తన గొంతే తనకి ఎక్కడినుంచో వినిపించింది.

"ఏది ఎవరు చెప్పారు?"

"అరవమని."

"నువ్వే కదరా!" అంది ఆవిడ, ఇంకా నవ్వుతూనే. "నబోర్ వచ్చాడుగా మా ఇంటికి. ముసుగు వదిలేద్దామనుకుంటున్నాడు, కాని తన పేరు మొదట మా దోన్యా నోట్లోంచే రావాలంటున్నాడు, అడగడానికి మొహమాటపడి నన్ను పంపించాడు అన్నాడు. ముందుగా నీతో ఆ మాటెత్తితే అచ్చిరాదని నమ్ముతావట, అందుకే నీతో అనలేదు. నాలాంటిదాన్ని అడిగావని నేను రెండు రోజులు..." ఆగింది.

అతను చెప్పాలనుకున్నాడు. అవును దోన్యా, నేనే పంపాను, ఊళ్ళో మీ అంత బాగా ఎవరు అరుస్తారు, అనాలనుకున్నాడు, ఆ మాట నాలుక చివరికి వచ్చి సిద్ధంగా నిలబడింది, అంటే అయిపోయేది, ఆవిడ సంతోషంగా వెళ్ళి తన కుర్చీలో కూర్చునేది. "అవును, నేనే" అన్నాడు కూడా. కాని అప్పటికి ఆలస్యమైంది, ఎంతోసేపు కాదు, రెండు శ్వాసల సేపు.

"నీ కళ్ళు కనిపిస్తున్నాయిరా," అంది ఆవిడ. "ఇరవై ఏళ్ళుగా నేను చూసింది ఆ రెండు చిల్లులేగా."

గోడ అవతల డప్పు. ఆవిడ మూట ఒళ్ళో పెట్టుకుని దాని ముడి విప్పబోయి, విప్పలేక, అలాగే పట్టుకుంది. ఇస్త్రీ వేడికి కాలి గట్టిపడ్డ వేళ్ళు. మళ్ళీ మాట్లాడేసరికి ఆవిడ గొంతు మారిపోయింది, అది బరి దగ్గరి గొంతూ కాదు, వంటింటి గొంతూ కాదు.

"నా బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. తిని ఏడ్చాడు. వాడి సంగతి ఒకటి నాకు చెప్పి మరీ ఏడ్చాడు, కడుపులో ఉన్నది కక్కితే నమ్ముతాననుకున్నాడేమో, నమ్మాను. ఒరేయ్, అది బయటికొస్తే వాడు ఈ ఊళ్ళో తలెత్తుకోలేడు. ఈ పూటే లేస్తాను. నా గొంతుకేం కాలేదు. నువ్వు ఊఁ అను చాలు."

ఊఁ. ఎంత చిన్న శబ్దం. నోరు తెరవక్కర్లేదు, ముసుగు కదలక్కర్లేదు. నోట్లో నీళ్ళూరాయి అతనికి, ఆకలేసినవాడికి ఊరినట్టే, అది తనకే తెలిసి సిగ్గేసింది. నబోర్ బరి మధ్యలో నిలబడి ఉంటాడు, ఆవిడ లేస్తుంది, వాడి మొహానికి ముసుగు కూడా లేదు, అందరూ చూస్తారు, కాళ్ళకింద చెక్క చల్లబడటం అంటే ఏంటో వాడికీ తెలుస్తుంది. వాడి సంగతేంటో అడగాలనిపించింది. ఇరవై ఏళ్ళలో తనకి చెప్పని సంగతి వాడు ఈవిడకి చెప్పాడు, మోసం చెయ్యడానికి వచ్చి నిజం చెప్పాడు, అది కూడా ఎక్కడో గుచ్చుకుంది, నాకెందుకు చెప్పలేదురా అని.

"వద్దు దోన్యా," అన్నాడు. "మీ ఇంట్లో అన్నమాట మీ ఇంట్లోనే ఉండాలి."

"నీది ఉండలేదుగా."

"ఉండలేదు."

ఆవిడ తలూపింది. లేవడానికి చెయ్యి అందించాడు, పట్టుకోలేదు, కర్ర మీదే ఆనుకుని లేచింది. మూట బల్ల మీదే ఉండిపోయింది. తలుపు దగ్గర ఆగి శాలువా సర్దుకుని వెళ్ళిపోయింది. అతను బూట్ల తాళ్ళు పూర్తిగా బిగించాడు. చేతులు వాటంతటవే చేశాయి ఆ పని. కోపం రాలేదు, వస్తుందని ఎదురుచూశాడు, దాని బదులు ఒక నీరసం వచ్చింది, జ్వరం తగ్గిన మర్నాటి నీరసం. ఇంతకాలం జనానికీ తనకీ మధ్య గీత చెరిగిపోకుండా కళ్ళల్లో ఒత్తులేసుకుని కాపలా కాశాడు, ముసుగు ముడి లాగే తాగుబోతుల్నీ, ఉమ్మేవాళ్ళనీ, మూల మీదినుంచి వెంటబడేవాళ్ళనీ చూసుకున్నాడు, వెనక నిలబడినవాణ్ణి ఒక్కసారీ తిరిగి చూడలేదు. చూడాల్సిన పనేముంది, జంట అంటేనే వీపు అప్పజెప్పడం కదా.

నడవాలో నబోర్ ఎదురుచూస్తున్నాడు, తెర అవతల తమ పేర్లు పిలుస్తున్నారు. మెలితోన్ వాడి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే పక్కనే, ఎడమవైపు.

"దోన్యా హసింతా ఇంట్లో ఎన్ని పాస్తేలు తిన్నావు?" అన్నాడు, తెర వైపే చూస్తూ.

నబోర్ నడుము పట్టీ సవరించుకున్నాడు. "రెండు..." అన్నాడు. ఆ తర్వాత, "కొంపాద్రే, విను. మనిద్దరికీ ఇక ఎన్నేళ్ళుంది చెప్పు? డిసెంబరులో మనిద్దరం ఎదురెదురుగా, ఓడితే నీ ముసుగు తీస్తారు, నా జుట్టు గొరుగుతారు, ఒక్క పెద్ద కుస్తీ, ఊరంతా వస్తుంది. నువ్వెప్పటికీ ఒప్పుకోవు. ఎలాగూ పేరు తెలిసిపోతే ఒప్పుకుంటావనీ..."

"ఆవిణ్ణెందుకు వాడుకున్నావు? నువ్వే అరవచ్చుగా. నీకూ గొంతుందిగా."

నబోర్ జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

"ఈ పూట నీ పక్కన నిలబడతాను, జనం వచ్చారు కాబట్టి," అన్నాడు మెలితోన్. "డిసెంబరు లేదు. దోన్ హెనారోకి నేను చెప్పుకుంటాను. రేపటినుంచి నువ్వు యాదిరాకి జ్ఞానతండ్రివి. నాకేమీ కావు."

తెర లేచింది, వెలుగూ, మొక్కజొన్న పేలాల వాసనా, తన పేరూ కలిసి మొహాన కొట్టాయి. మె-లి-తోన్, మె-లి-తోన్, ఎవరో అట్టమీద రాసి కూడా పట్టుకున్నారు, పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు చేతులు చాచి భుజం తట్టబోతున్నారు, ఇన్నేళ్ళూ దగ్గరికొస్తే వెనక్కి జంకినవాళ్ళు, ఒకాయన ఏకంగా ముంజెయ్యి పట్టుకుని "మా వీధి తాళాలన్నీ నువ్వే వేశావటగా!" అన్నాడు. దుష్టుడికి ఎవరైనా చెయ్యి ఇస్తారా? అతను వాళ్ళని తోశాడు, తోస్తే నవ్వారు. మొదటి వరుస, రెండో వరుస. మూడో వరుసలో ఆవిడ కూర్చుని ఉంది. కర్ర మోకాళ్ళ మధ్య ఆనించి, రెండు చేతులూ దాని మీద పెట్టి, నోరు మూసుకుని. చుట్టుపక్కలవాళ్ళు ఆవిడవైపు తిరిగి ఎదురుచూస్తున్నారు, లే దోన్యా, లే, అని ఒకావిడ మోచేత్తో పొడిచింది కూడా. ఆవిడ లేవలేదు.

అతను నబోర్‌ని ముందుకి పోనిచ్చి అక్కడే ఆగాడు. కుర్చీల మధ్యలోంచి జరిగి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు, వంగి, ఊరంతా వినేలా గర్జించాడు. "ఏమే ముసలిదానా! నోరు పడిపోయిందా? నాలుక ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" జనం ఈలలు వేశారు. ఆవిడ చేతులు కర్ర మీదినుంచి కదల్లేదు. అతను ఆవిడ పక్కనున్న గ్లాసు లాక్కుని తలమీద గుమ్మరించుకున్నాడు, చల్లని చింతపండు నీళ్ళు ముసుగులోంచి మెడ మీదికి కారాయి, వీపు తిప్పాడు, కర్ర అందేంత దగ్గరగా, ఒంగి, కొట్టు, అన్నట్టు. కాసేపు ఉండిపోయాడు అలాగే. దెబ్బ పడలేదు. తిరిగి చూస్తే ఆవిడ తలెత్తి చూస్తోంది, ఆ రెండు చిల్లుల్లోకి కాదు, వాటి వెనక ఉన్న బట్టతల మనిషిని, ఆస్పత్రికి జామపళ్ళు తెచ్చినవాణ్ణి, తలుపుకి తాళం వేసినవాణ్ణి. గొంతు తగ్గించి, అతనొక్కడికే వినపడేలా అంది.

"జాగ్రత్తగా ఆడండి, దోన్ మెలితోన్. మీకు దెబ్బ తగిలితే నేను చూడలేను."

మీరు. ఆ మాట చెవిలో పడ్డాక అతను ఇంకా ఏదో వస్తుందని, దాని వెనకే ఒరేయ్ ఒకటి వస్తుందని, ఆవిడ నవ్వుతుందని నిలబడ్డాడు. ఆవిడ చూపు దించుకుంది, పరాయి మగాడి ముందు మర్యాదస్తురాలు దించుకున్నట్టు. చెయ్యి దానంతటదే పైకి లేచింది, పిడికిలి బిగించి జనం వైపు ఊపాడు, వాళ్ళు ఇంకా గట్టిగా అతని పేరు అరిచారు. అతను తాళ్ళు పైకెత్తి లోపలికి దూరాడు. నబోర్ అప్పటికే మూలలో నిలబడి ఉన్నాడు.